పిల్లల నైట్రో కారు ఇంజన్ గరగరలాడుతోందా? పారేసే ముందు బేరింగులు చూడండి

సౌదీలో ఈశాన్యం మూల, కువైట్, ఇరాక్ సరిహద్దులకు దగ్గరగా ఉన్న ఊరు మాది, హఫర్ అల్ బాతిన్. రియాద్‌లోనో దమ్మామ్‌లోనో ఉన్నవాళ్లకు దొరికే మాల్స్, పార్కులు మాకు తక్కువ. బదులుగా కావలసినంత ఎడారి ఉంది. నవంబర్ నుంచి మార్చి దాకా చలి పట్టగానే ఇక్కడి కుటుంబాలు గుడారాలు వేసుకుని ఎడారిలో గడుపుతాయి. మన తెలుగు కుటుంబాలు కూడా శుక్రవారం పులిహోర, చికెన్ ఫ్రై కట్టుకుని బయలుదేరతాయి. పిల్లలు వెంట తెచ్చుకునే ఆటవస్తువుల్లో ఈ మధ్య రిమోట్ కార్లు ఎక్కువయ్యాయి. వాటిలో కొన్ని బ్యాటరీవి. కొన్ని మాత్రం నిజమైన ఇంజన్‌తో, ఇంధనం పోస్తే పొగ వదులుతూ పరిగెత్తే నైట్రో కార్లు.

ఈ నైట్రో కార్ల విషయంలో ఒక మాట తరచూ వింటుంటాను. "రెండు సీజన్లు ఆడాడు, ఇంజన్ పోయింది, కొత్తది కొనాలట, లేకపోతే కారే మూలన పడేయాలట" అని. నిజానికి చాలాసార్లు పోయేది ఇంజన్ కాదు, అందులోని రెండు బేరింగులు. కొత్త ఇంజన్ ధరతో పోలిస్తే వాటి ఖరీదు చాలా తక్కువ. మా ఇంట్లో మావారిది షిఫ్టు డ్యూటీ కాబట్టి ఈ రిపేరు పని నేనూ ఎనిమిదో తరగతి చదివే మా బాబూ కలిసి చేస్తాం. డిగ్రీలో చదివిన ఫిజిక్స్, కెమిస్ట్రీ ఇన్నేళ్లకు వంటింటి బయట ఇలా పనికొచ్చాయి. తోటి అమ్మానాన్నలకు ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

అగ్గిపెట్టెంత ఇంజన్, మిక్సీని మించిన వేగం

మన కార్లలో వాడే సైజుల్లో బాగా కనిపించేది ".21" ఇంజన్. అంటే 0.21 క్యూబిక్ అంగుళాలు, మన లెక్కలో సుమారు 3.5 సీసీ. స్కూటర్ ఇంజన్ 110 సీసీ అనుకుంటే ఇది దానిలో ముప్పయ్యో వంతు. కానీ వేగం చూడండి. వంటింట్లో మిక్సీ మోటారు ఖాళీగా తిరిగితే నిమిషానికి దాదాపు 18 వేల నుంచి 20 వేల చుట్లు. ఈ చిన్న ఇంజన్ 30 వేల చుట్లు దాటుతుంది. అంటే సెకనుకు 500 చుట్లు.

ఇది టూ స్ట్రోక్ ఇంజన్. స్పార్క్ ప్లగ్ ఉండదు, గ్లో ప్లగ్ ఉంటుంది. అందులో ప్లాటినం కలిసిన చిన్న తీగ చుట్ట. మొదట బ్యాటరీతో దాన్ని ఎర్రగా కాలుస్తాం. ఇంజన్ అందుకున్నాక బ్యాటరీ తీసేసినా తీగ ఎర్రగానే ఉంటుంది, ఎందుకంటే ప్లాటినం సమక్షంలో మెథనాల్ తానే చర్య జరిపి వేడి పుట్టిస్తుంది. కెమిస్ట్రీలో చదువుకున్న ఉత్ప్రేరకం ఇదే.

ఇంధనంలో మూడు పాళ్లు ఉంటాయి: మెథనాల్, నైట్రోమీథేన్, నూనె. నైట్రోమీథేన్ తన అణువులోనే ఆక్సిజన్ మోసుకొస్తుంది కాబట్టి తక్కువ గాలితోనే మండుతుంది. ఒక కిలో పెట్రోలు మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. మెథనాల్‌కు 6.4 కిలోలు, నైట్రోమీథేన్‌కు 1.7 కిలోలు చాలు. అదే గాలితో ఎక్కువ ఇంధనం మండించగలగడమే దీని బలం.

ఇక నూనె. అందులో ఒక భాగం మన ఆముదమే. పాలమూరు, నల్లగొండ చేలల్లో పండే ఆముదం గింజల నూనెకు ఒక ప్రత్యేకత ఉంది. మామూలు మినరల్ ఆయిల్ మెథనాల్‌లో కలవదు, ఆముదం కలుస్తుంది. దానిలోని రిసినోలిక్ ఆమ్లానికి ఉన్న హైడ్రాక్సిల్ గ్రూపు వల్ల ఆ గుణం వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల రోటరీ ఇంజన్లలోనూ ఆముదమే వాడారు. క్యాస్ట్రాల్ అనే పేరు కూడా క్యాస్టర్ ఆయిల్ నుంచే వచ్చింది. ఈ చిన్న ఇంజన్‌లో విడిగా ఆయిల్ పోసే చోటు ఉండదు. ఇంధనంతో పాటు వచ్చే ఈ నూనే బేరింగులను తడుపుతుంది.

బేరింగులు ఎందుకు పోతాయి?

క్రాంక్ షాఫ్ట్‌ను రెండు బాల్ బేరింగులు మోస్తాయి. వెనకది పెద్దది, పిస్టన్ దెబ్బంతా దాని మీదే. దానికి మూతలు ఉండవు, ఇంధనంలోని నూనెలో తడుస్తూ ఉంటుంది. ముందుది చిన్నది, ఫ్లైవీల్ పక్కన ఉంటుంది. దాని బయటి వైపు రబ్బరు మూత ఉంటుంది. అది దుమ్మును లోపలికి రానివ్వదు, ఇంధనాన్ని బయటికి పోనివ్వదు.

వీటికి ఇద్దరు శత్రువులు. మొదటిది తుప్పు. మెథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మండినప్పుడు కూడా నీరు పుడుతుంది. నైట్రోమీథేన్ మండగా మిగిలేవాటిలో కొంచెం ఆమ్ల గుణం ఉంటుంది. ఆట అయ్యాక ట్యాంకులో, ఇంజన్‌లో ఇంధనం అలాగే వదిలేసి కారును అటక ఎక్కిస్తే, వేసవి సెలవులకు ఇండియా వెళ్లి వచ్చేసరికి ఉక్కు గుండ్ల మీద ఎర్రటి మచ్చలు పడతాయి.

రెండోది మన ఊరి దుమ్ము. ఇక్కడ గాలి లేస్తే పగలే లైట్లు వేసుకోవాలి. ఆ దుమ్ములోని సిలికా రేణువులు సానరాయిలా పనిచేస్తాయి. ఎయిర్ ఫిల్టర్ స్పాంజికి ఫిల్టర్ ఆయిల్ పట్టించకపోతే అవి నేరుగా లోపలికి వెళ్తాయి.

బేరింగా, పిస్టనా? ముందు తేల్చుకోండి

డబ్బు ఖర్చు పెట్టే ముందు చేయాల్సిన ముఖ్యమైన పరీక్ష ఇది. గ్లో ప్లగ్ విప్పేసి ఫ్లైవీల్‌ను వేలితో నెమ్మదిగా తిప్పండి. ఇసుక రుబ్బుతున్నట్టు గరగర తగిలితే బేరింగు పోయినట్టే. తర్వాత ఫ్లైవీల్‌ను పట్టుకుని పైకీ కిందికీ కదపండి. చేతికి తెలిసేంత ఊగితే అదీ బేరింగే. ముందుకూ వెనక్కూ కాస్త జరగడం మాత్రం సహజం, దానికి కంగారు పడొద్దు.

ఇంకొన్ని గుర్తులు ఉన్నాయి. ముందు బేరింగు దగ్గర ఇంధనం చెమర్చడం, ఐడిల్ నిలకడగా లేకపోవడం, నీడిల్ ఎంత సర్దినా మళ్లీ మారిపోవడం. అరిగిన ముందు బేరింగులోంచి గాలి లోపలికి దూరి ఇంధనం పాళ్లు మార్చేస్తుంది. అందుకే "కార్బురేటర్ పాడైంది" అని చాలామంది పొరబడతారు.

ఇప్పుడు పిస్టన్ సంగతి. ఈ ఇంజన్లలో చాలావాటిని ఏబీసీ రకం అంటారు. అల్యూమినియం పిస్టన్, ఇత్తడి స్లీవ్, దాని లోపల క్రోమ్ పూత. పిస్టన్‌కు రింగులు ఉండవు. స్లీవ్ పైకి వెళ్లేకొద్దీ సన్నమవుతుంది. వేడెక్కాక పైభాగం వ్యాకోచించి సరిగ్గా సరిపోతుంది. అందువల్ల ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ప్లగ్ లేకుండా తిప్పినా, పిస్టన్ పైకొచ్చే చోట బిగుతుగా పట్టేయాలి. ఆ బిగుతు ఉంటే పిస్టన్, స్లీవ్ బాగున్నట్టు. బేరింగులు మార్చడం లాభసాటి. ఆ బిగుతు లేకుండా వెన్నలో కత్తిలా జారిపోతుంటే పిస్టన్ సెట్టు అరిగింది. అప్పుడు బేరింగులు మార్చినా కారు పరిగెత్తదు. పిల్లవాడికి ఆ మాట ముందే చెప్పడం మంచిది.

కొనేటప్పుడు

బేరింగు అంచు మీద నంబరు ఉంటుంది. లేకపోతే వెర్నియర్ కాలిపర్‌తో మూడు కొలతలు తీసుకోండి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. .21 ఇంజన్లలో తరచుగా కనిపించేవి ముందు 7×19×6, వెనక 14×25.4×6 మిల్లీమీటర్లు. అయినా మీ ఇంజన్‌ది మీరు కొలుచుకునే కొనండి, కంపెనీని బట్టి మారుతుంది.

7×19×6 కొలతకు బజారు నంబరు 607. ఏ ఊరి సనయ్యాలోనైనా బేరింగుల షాపులో ఈ సైజు దొరకవచ్చు. కానీ సైజు ఒకటైనంత మాత్రాన సరిపోదు. మూత రేకుదా రబ్బరుదా చూడండి. రేకు మూతకు సందు ఉంటుంది, ఇంధనం కారుతుంది. వేగం తట్టుకునే సామర్థ్యం అడగండి. వేడికి ఉక్కు వ్యాకోచిస్తుంది కాబట్టి లోపల కాస్త ఎక్కువ సందు ఉండే సి3 రకం వాడతారు. వెనక బేరింగు 25.4 మి.మీ., అంటే సరిగ్గా అంగుళం, మామూలు షాపుల్లో ఉండే కొలత కాదు. దాన్ని మోడల్ ఇంజన్ల విడిభాగాలు అమ్మేచోట తెప్పించుకోవడమే మేలు.

సిరామిక్ బేరింగులని ఖరీదైనవి కూడా ఉంటాయి. వాటిలో గుండ్లు సిలికాన్ నైట్రైడ్‌వి, తుప్పు పట్టవు. కానీ రింగులు ఉక్కువే. కాబట్టి ఇంధనం వదిలేసి అటక ఎక్కిస్తే అవీ దక్కవు. పిల్లల ఆటకు మంచి ఉక్కు బేరింగులు చాలు.

వంటింటికి దూరంగా

పని మొదలుపెట్టే ముందు ఈ భాగం తప్పక చదవండి. బేరింగు తీయాలంటే ఇంజన్ కేసును వేడి చేయాలి. చాలామంది వంటింట్లోని ఒవెన్‌లో పెట్టేయొచ్చని చెబుతారు. నేను ఒప్పుకోను.

మెథనాల్ విషం. 10 మిల్లీలీటర్లు లోపలికి వెళ్లినా చూపు పోయే ప్రమాదం ఉంది. శరీరంలో అది ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. లక్షణాలు చాలా గంటల తర్వాత గాని బయటపడవు. చర్మం ద్వారా కూడా లోపలికి వెళ్తుంది, కాబట్టి నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. ఇంకో సంగతి, ఈ ఇంధనానికి రంగు వేస్తారు. ఎర్రటి ఇంధనం సీసాలో ఉంటే రంజాన్ నెలలో ప్రతి ఇంట్లో కలిపే విమ్టో షర్బత్‌లా కనిపిస్తుంది. నీళ్ల సీసాలోకి ఎన్నడూ మార్చవద్దు.

మెథనాల్ 11 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మండే ఆవిరినిస్తుంది. అంటే మన ఇళ్లలో ఎప్పుడూ సిద్ధంగా ఉన్నట్టే. దాని మంట పగటి వెలుతురులో దాదాపు కనబడదు. అందుకని ఇంజన్ విప్పడం, కడగడం ఆరుబయటే. వేడి చేయడానికి వంటకు వాడని పాత చిన్న టోస్టర్ ఒవెన్ గాని, హీట్ గన్ గాని పెట్టుకోండి. దాన్ని మళ్లీ వంటింట్లోకి తేవద్దు. సౌదీలో ఎవరైనా ఇంధనం మింగితే అంబులెన్స్ 997, మంటలు లేస్తే రియాద్, మక్కా, మదీనా, తూర్పు ప్రాంతాల్లో 911, మిగతాచోట్ల సివిల్ డిఫెన్స్ 998. ఇండియా నుంచి వచ్చేటప్పుడో వెళ్లేటప్పుడో ఈ ఇంధనాన్ని సూట్‌కేసులో పెట్టుకోవడం కుదరదు, విమానాల్లో నిషేధం.

విప్పే వరుస

1. ట్యాంకు, పైపులు ఖాళీ చేసి ఇంజన్‌ను కారులోంచి తీయండి. ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీయండి. కొలత గుర్తుండకపోయినా ఫొటో ఉంటుంది.

2. కార్బురేటర్ తీసేయండి. అందులో ప్లాస్టిక్, రబ్బరు రింగులు ఉంటాయి, వేడికి తట్టుకోవు.

3. హెడ్ స్క్రూలను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా వదులు చేయండి. కింద సన్నటి షిమ్ములు ఉంటాయి. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి జాగ్రత్త చేయండి, ఒక్కటి తగ్గినా కంప్రెషన్ మారిపోతుంది.

4. స్లీవ్ ఏ వైపు తిరిగి ఉందో గుర్తు పెట్టి పైకి లాగండి. రాకపోతే స్క్రూడ్రైవర్ దూర్చవద్దు. పొగ పోయే రంధ్రంలో ప్లాస్టిక్ కేబుల్ టై కొస దూర్చి ఫ్లైవీల్ నెమ్మదిగా తిప్పితే పిస్టనే స్లీవ్‌ను పైకి నెడుతుంది.

5. వెనక మూత విప్పి, కనెక్టింగ్ రాడ్‌ను క్రాంక్ పిన్ మీది నుంచి జరిపి, పిస్టన్‌ను పైకి తీయండి. రాడ్ ముందు వైపు ఏదో గుర్తు పెట్టుకోండి.

6. ఫ్లైవీల్‌ను పుల్లర్‌తో తీయండి. సుత్తితో కొడితే షాఫ్ట్ వంగుతుంది. ఆ తర్వాత క్రాంక్ షాఫ్ట్ వెనక నుంచి బయటికి వస్తుంది.

ఖాళీ కేసును వేడినీళ్లు, గిన్నెల సబ్బు, పాత బ్రష్‌తో కడిగి బాగా ఆరబెట్టండి. మెథనాల్ నీటితో పోతుంది, ఆముదం జిడ్డు సబ్బుతో పోతుంది. ఆ బ్రష్, గిన్నె ఇక ఇంజన్ పనికే.

వేడిమి చేసే పని

సుత్తి, బలం అవసరం లేకుండా బేరింగు ఎలా ఊడుతుందో మా బాబుకు లెక్కవేసి చూపించాను. వాడికి బాగా నచ్చిన భాగం ఇదే.

అల్యూమినియం వ్యాకోచ గుణకం డిగ్రీకి సుమారు 23, ఉక్కుది సుమారు 12 (పది లక్షల వంతుల్లో). 25 డిగ్రీల నుంచి 150 డిగ్రీలకు వేడి చేస్తే తేడా 125 డిగ్రీలు. 25.4 మి.మీ. రంధ్రం 0.073 మి.మీ. పెద్దదవుతుంది. అందులోని ఉక్కు బేరింగు కూడా వేడెక్కి 0.038 మి.మీ. పెరుగుతుంది. అంటే పట్టు 0.035 మి.మీ. సడలుతుంది. ఆ కాస్త చాలు. 150 డిగ్రీల దగ్గర ఓ పావుగంట ఉంచి, మందపాటి తోలు గ్లవ్స్‌తో పట్టుకుని, వెనక భాగం కిందికి ఉండేలా చెక్క దిమ్మె మీద టప్‌మని తడితే వెనక బేరింగు జారి పడుతుంది. ముందు బేరింగును వెనక నుంచి కర్ర పుల్లతో నెట్టాలి. రాకపోతే మళ్లీ వేడి చేయండి, బలం పెంచకండి.

కొత్తది పెట్టేటప్పుడు పని ఇంకా సులువు. కేసు మాత్రమే వేడి, బేరింగు చల్లన. గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచితే, మైనస్ 18 డిగ్రీలకు బేరింగు మరో 0.013 మి.మీ. కుంచించుకుంటుంది. మొత్తం 0.086 మి.మీ. వెసులుబాటు. మామూలు తెల్లకాగితం మందం దాదాపు 0.1 మి.మీ. కాగితం మందం కూడా లేని ఆ తేడాతో బేరింగు దానంతటదే గూట్లో కూర్చుంటుంది. కొత్త బేరింగు కాబట్టి ఫ్రీజర్ శుభ్రతకు భయం లేదు. పాతది మాత్రం అందులో పెట్టకండి.

ముందు వెనక బేరింగు. దాన్ని క్రాంక్ షాఫ్ట్‌కు తొడిగి, షాఫ్ట్‌నే పిడిలా పట్టుకుని నిటారుగా దించితే వంకర పోదు. అడుగు దాకా ఆనిందని తెలిశాక కదపకుండా చల్లారనివ్వండి. తర్వాత ముందు బేరింగు, రబ్బరు మూత బయటికి ఉండేలా. ఎక్కడైనా నొక్కాల్సివస్తే బయటి రింగు మీదే నొక్కాలి. లోపలి రింగు మీద నొక్కితే ఆ బలం గుండ్ల మీదుగా పోయి గాడిలో సొట్టలు పడతాయి. కొత్త బేరింగు మొదటి రోజే గరగరలాడడానికి ఇది ముఖ్య కారణం. చల్లటి ఉక్కు మీద తేమ చేరుతుంది కాబట్టి అమర్చగానే రెండు చుక్కల పలుచని నూనె వేయండి.

చల్లారాక షాఫ్ట్ వేలితో తిప్పితే గరగర, పట్టివేత లేకుండా తిరగాలి. బిగుతుగా ఉంటే బేరింగు అడుగుకు ఆనలేదని అర్థం. వెనక బేరింగు పూర్తిగా కూర్చోకపోతే షాఫ్ట్ వెనక్కి జరిగి రాడ్ వెనక మూతకు రాసుకుంటుంది. మళ్లీ వేడి చేసి సరిచేయాలి తప్ప "నడుస్తుంటే సర్దుకుంటుంది" అనుకోవద్దు.

బిగించాక

విప్పిన వరుసను తిరగేసి, నూనె రాస్తూ బిగించండి. స్లీవ్, రాడ్ గుర్తులు, షిమ్ముల లెక్క చూసుకోండి. హెడ్ స్క్రూలు ఎదురెదురుగా బిగించాలి. పిస్టన్, స్లీవ్ పాతవే కాబట్టి కొత్త ఇంజన్‌కు చేసినంత బ్రేక్-ఇన్ అక్కర్లేదు. అయినా మొదటి రెండు ట్యాంకులు ఇంధనం కాస్త ఎక్కువ పాళ్లలో ఉంచి, సగం వేగంతో నడపండి. పొగ కనబడుతూ ఉంటే నూనె అందుతున్నట్టే.

ఇక ప్రతి ఆట చివరా చేయాల్సింది ఒకటే. ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్‌లోని ఇంధనం అయిపోయేదాకా నడిపి, ప్లగ్ రంధ్రంలో నాలుగు చుక్కలు, కార్బురేటర్‌లో నాలుగు చుక్కలు ఆఫ్టర్ రన్ ఆయిల్ వేసి ఫ్లైవీల్ పది చుట్లు తిప్పండి. దానికి బదులు ఆముదం పోయకండి, నిలవ ఉంటే బంకలా గట్టిపడుతుంది. ఈ రెండు నిమిషాల పని బేరింగుల ఆయుష్షును నిర్ణయిస్తుంది. ఎయిర్ ఫిల్టర్ ప్రతిసారీ కడిగి నూనె పట్టించాలి. ఇంధనం సీసాను వేసవిలో కారు డిక్కీలో వదలొద్దు.

గల్ఫ్‌లో పెరిగే మన పిల్లలకు వస్తువు పాడైతే కొత్తది కొనడమే తెలుసు. బాగుచేసేవాళ్లను చూసే అవకాశం తక్కువ. మన ఊళ్లలో సైకిల్ షాపు ముందు నిలబడి మనం నేర్చుకున్నది వాళ్లకు ఇక్కడ దొరకదు. పదో తరగతి అయ్యాక చాలామంది పిల్లల్ని చదువుకు ఇండియా పంపేస్తాం. ఆలోపు ఉన్న శుక్రవారాల్లో ఒకటి రెండు ఇలాంటి పనికి కేటాయించండి. వ్యాకోచ గుణకం అనే మాట పరీక్షలో వచ్చినప్పుడు, ఫ్రీజర్‌లోంచి తీసిన బేరింగు చప్పుడు చేయకుండా గూట్లోకి జారిన సంగతి వాళ్లకు తప్పక గుర్తొస్తుంది.